పాయిరమును పొలిమేరయు: తిరుత్తణి వివాదము

ఆంధ్ర తమిళ దేశముల నడిమి యెల్లను గూర్చిన వాదములలో జనాభా లెక్కలతోపాటు ప్రాచీన పద్యములును సాక్ష్యమునకు పిలువబడినవి. తొల్కాప్పియమునకు పనంపారనారు కూర్చిన పాయిరము, అనగా పీఠికాపద్యము, తమిళమునకు వేంకటమును ఉత్తరపు టెల్లగా, కుమరిని దక్షిణపు టెల్లగా పేర్కొనుచున్నది. 1946లో మ. పొ. శివజ్ఞానము స్థాపించిన తమిళరసు కళగము నడపిన ఉత్తరపు టెల్ల యుద్యమమునకు ఇదియే ఊతయైనది.

అయితే ఆ పాయిరము తెలుపునది భాష వినబడు మేర. కరణము పాతిన పొలిమేర రాయి కాదు. లాక్షణికుడు తన లక్ష్యభాష యెంతవరకు వ్యాపించెనో చెప్పుకొనును. దానినుండి తాలూకా సరిహద్దును పిండుట ఆ పద్యమునకే అన్యాయము. ఈ దోషము తెలుగువారియందును లేకపోలేదు. 'మదరాసు మనదే' యను నినాదము అట్టి ఆవేశమునకు పుట్టినదే. ఆల్సేసు ప్రాంతమునకై ఫ్రాన్సు, జర్మనీ దేశములు ఇట్టి అభిమానముతోనే సైన్యములను కదలించినవి. ఇచట రెండు పక్షములును ఒకే రాజ్యాంగమునకు లోబడినవి గనుక మధ్యవర్తి చాలెను.

హెచ్. వి. పటాస్కరు 1957లో తీర్పు చెప్పుచు గ్రామమును ప్రమాణముగా గైకొని, భాషాధిక్యమును, భూభాగముల కలయికను చూచెను. 1959నాటి చట్టము 1960 ఏప్రిల్ 1న అమలు కాగా, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకు, తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రమునకు చెందినవి. పాయిరము చెప్పిన వేంకటము ఆంధ్రముననే నిలిచెను.

ఈ పద్ధతి పద్యవాదముకంటె మేలైనదే. కాని గ్రామమును లెక్కించినవారు ఇంటిని లెక్కింపజాలరు. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటివారి ఇండ్లు గీతకు ఆవలనే మిగిలినవి. 2006లో తమిళనాడు చేసిన తమిళాభ్యసన చట్టము పాఠశాలలలో ప్రథమభాషాస్థానమును తమిళమునకే యిచ్చినది, తెలుగు ఐచ్ఛికమైనది. రాష్ట్రభాషను నేర్పుట న్యాయము. ఇంటిభాషను పరీక్ష వెలుపలికి నెట్టుట న్యాయము కాదు. పొరుగువారి భద్రత అనునది ముందుగా ఇట్టి బడులలోనే పరీక్షింపబడును.

నీటి విషయమున ఈ పొరుగువారే వేరొక విధముగా మెలగిరి. 1983నాటి ఒప్పందము మదరాసు నగరమునకు 12 టి.ఎం.సి.ల కృష్ణాజలమును నిర్ణయించెను; ఆవిరియై పోవుదానికి 3 టి.ఎం.సి.లు విడిగా లెక్కించిరి. 1996లో ఆ నీరు తిరువళ్ళూరు చెంతనున్న పూండి జలాశయమును చేరెను. వానలు తప్పిన యేండ్ల తగవు రాకపోదు. అయినను అది కాలువ కొలతలను ముందుంచుకొని ఇరువైపుల ఇంజనీర్లు కూర్చుండి తీర్చుకొనదగిన తగవు.