తెర యావల

"బాత్రూములో జారిపడింది సార్" అను వాక్యము అత్యవసర విభాగమున పనిచేయు వైద్యుని చెవిని పడని దినముండదు. వృద్ధుల యెముకలు పెళుసు, చూపు మందము, మన స్నానపుగదుల నేల నున్నన; రక్తము పలుచబఱచు మాత్రలు మ్రింగువారికి మంచపుకోడు తగిలినను చర్మము కమలును; కనుక ఆ మాట తఱచు సత్యమే. కాని చెవి వెనుకను, మెడమీదను, దండచేతి లోపలివైపునను, దెబ్బకు చేయి అడ్డుపెట్టునప్పుడు తగులు ముంజేతి చిటికెనవ్రేలి వైపునను మచ్చలు కనబడినప్పుడు, నేరమును నేలమీదికి నెట్టుటకు నా మనస్సొప్పదు.

మొన్న మాఘమాసపు రాత్రి తెచ్చిన మామ్మగారికి అట్టి మచ్చ కుడిముంజేతిమీద నుండెను. ఏమడిగినను కుమారుడే బదులు చెప్పుచుండెను. ఓపీ చీటి వ్రాయించుకొని రమ్మని అతనిని పంపి, తెర లాగి, స్టూలు దగ్గరకు జరుపుకొని, "ఇంట్లో ఎవరన్నా చెయ్యి చేసుకుంటున్నారా మామ్మగారూ?" అని అడిగితిని. "అబ్బే, నా కొడుకు బంగారం బాబూ" అనుచు ఆమె ఎడమచేతిని కొంగుక్రింద దాచుకొనెను. ఆ బొటనవ్రేలి గోటిచుట్టు నీలిసిరా యింకను వదలలేదు. ఇదేమిటంటిని. "ఏం కాగితాలో నాకేం తెలుసు నాయనా, కళ్ళజోడు విరిగి ఏడాదైంది."

పోషింతుమన్న షరతుమీద వ్రాయించుకొన్న ఆస్తిని, పోషింపనప్పుడు రద్దుచేయించు వీలు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టపు 23వ సెక్షనులో కలదనియు, అందుకు ఆర్డీవోగారి ట్రిబ్యునలున్నదనియు, 14567కు ఫోను చేసినచో దారి చూపుదురనియు చెప్పితిని. అంతయు విని, "వాడి పేరు మాత్రం రాయకు బాబూ" అన్నది.

వ్రాయలేదు, కొట్టిన చేతిని నేను చూచితినా? మచ్చ యున్న చోటును, కొలతను, ఆమె మాటలను ఆమె పలికినట్లే కేసుషీటున కెక్కించి, మెడికో లీగల్ రిజిస్టరున నమోదుచేసితిని. రంగునుబట్టి దెబ్బ యేనాటిదో చెప్పవచ్చునన్న పాతనమ్మకము పరీక్షకు నిలువనిది గనుక ఆ జోలికి పోలేదు. ఆ రాత్రి ఆమెను ఇంటికి పంపుటకు మాత్రము సమ్మతింపక వార్డులో చేర్చుకొంటిని. కుమారుడు కేకలు వేసెను. అతని కన్నులును నిద్రలేక యెఱ్ఱబడి యున్నవని, అతనిని గూడ కూర్చుండబెట్టి రెండు మాటలు అడిగియుండవలసినదని, నాకు తెల్లవారిన పిమ్మట గాని తోచలేదు.

మీ తల్లినో తండ్రినో తీసికొని వచ్చినప్పుడు, మిమ్ము ఐదు నిమిషములు తెర యావల నిలువుడన్నచో కోపగింపకుడు. ఆ మాట మేము అందఱితోను అందుము.