డ్రమ్ము విప్పి చూడుడు

కాకినాడనుండి ఒక పాఠకమిత్రుడు ఈ వారము వ్రాసిన ఉత్తరము చదివినది మొదలు నా మనస్సు స్థిమితముగా లేదు. ఆయన యింట ఒక అంబాసిడరు కారు గలదు. 1988లో తండ్రిగారు కొన్నారట. ఇంటి ఆడపిల్లల అప్పగింతలకును, తండ్రిగారి చివరి ఆసుపత్రి ప్రయాణమునకును ఆ కారే కదలినదట. కుమారులు దానిని వదిలించుకొమ్మని పట్టుబట్టగా, తుక్కు వ్యాపారి నొకనిని పిలిపించిరి. ఆతడు వచ్చి, చుట్టును ఒకమారు తిరిగి, బానెట్టయినను ఎత్తి చూడక, ఇనుము కిలో ఇంత యని ధర చెప్పి పోయెను. "ఏమి చేయమందురు?" అని ఉత్తరము ముగిసినది.

బానెట్టు ఎత్తకుండ ధర కట్టుట నాకు మిక్కిలి కష్టము కలిగించినది. ఈ శీర్షికను ఆదినుండి చదువుచున్న మిత్రులకు నా పాత పాట తెలియనిది కాదు. కాలితో త్రొక్కు కుట్టుమిషనును గురించి వ్రాసినప్పుడును, కీ యిచ్చు గోడగడియారమును గురించి వ్రాసినప్పుడును నేను చెప్పినది ఒక్కటే: విప్పుటకు వీలైన వస్తువే మనుష్యునికి నిజముగా సొంతము, విప్పుటకు వీలులేనిది ఎంత వెల పెట్టి కొన్నను అద్దె వస్తువే. మోటారు వాహనముల విషయమున ఈ నమ్మకము నాకు మరింత గాఢమైనది. ఇనుము అరుగును, రబ్బరు ఎండును, ఆయిలు చెడును. ఈ మూడింటిని వేళ తప్పక కనిపెట్టి చూచుకొను వానికి బండి యెంతకాలము సేవ చేయగలదో చెప్పుటకు అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అను సైన్సు ఉపాధ్యాయుని కథ చాలును. ఆయన 1966 నాటి తన వోల్వో కారును కంపెనీ పుస్తకములో చెప్పిన గడువుల ప్రకారము సాకుకొనుచు 2013 నాటికి 30 లక్షల మైళ్లు నడిపెను. అంతటి దూరము తిరిగిన కారును ఏ వ్యాపారియైనను తుక్కు ధర కట్టి పోయియుండెడివాడే.

మన చట్టము కూడ బానెట్టు ఎత్తుటకు పూర్వమే సంవత్సరములను లెక్కించును. సొంత కారుకు 15 ఏండ్లు నిండినంతనే రిజిస్ట్రేషను గడువు తీరును. పిమ్మట ఐదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. 600 రూపాయలుగా నుండిన పొడిగింపు రుసుము 2022లో 5,000 అయినది. 20 ఏండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. ఢిల్లీలో 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లను, 15 ఏండ్లు దాటిన పెట్రోలు బండ్లను నిషేధించిన హరిత ట్రిబ్యునలు ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. ఆ మీదట సడలింపులును వచ్చినవి. వారమున కొకమారు గుడికి పోయి వచ్చు కారును, రాత్రింబవళ్లు తిరుగు టాక్సీయును ఒకే తేదీన ముసలివగునని చెప్పు ఈ లెక్క ఏ మేస్త్రియు ఒప్పుకొనునది కాదు.

అంబాసిడరు అంతకాలము బ్రతుకుటకు దాని ఇనుము గొప్పదని మన పెద్దలు చెప్పుచుందురు. నాకు తోచిన కారణము వేరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చున 1950ల చివర బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారగుట మొదలైన ఆ కారు 2014లో ఫ్యాక్టరీ ఆగువరకు, నడుమ ఇంజను మారినను, అదే ఆకారముతో వచ్చినది. టాటా లారీల ముందుముక్కు కూడ అట్లే దశాబ్దములు మారలేదు. మోడలు మారనందున విడిభాగము మారలేదు. విడిభాగము మారనందున ప్రతి తాలూకా పట్టణమునను దానిని అమ్ము కొట్టును, దానిని బిగించు చేయియు నిలిచినవి. కాలమునకు వెనుకబడిన కారని దానిని ఆక్షేపించినవారి మాట నిజమే కాని, ఆ వెనుకబాటే దానికి దీర్ఘాయువు నిచ్చినది. నేటి కారులో ఇంజను నిక్షేపముగా నుండగా, దానిని శాసించు ఎలక్ట్రానిక్ పెట్టె యొక్కటి చెడి, అట్టిది కంపెనీవారు మరి తయారు చేయుట లేదని చెప్పినచో, మేస్త్రి చేయగలిగిన దేమియు ఉండదు.

మేస్త్రి యనగానే నాకు బెజవాడ ఆటోనగరు కనులకు కట్టును. మా చిన్న మేనమామకు టాటా 1210 లారీ యుండెడిది. గుంటూరు మిరపకాయ ఎత్తి విజయనగరము, సాలూరు మీదుగా ఘాటు దాటి, జగదల్‌పూరు త్రోవన రాయపూరు పోవుచుండెను. వేసవి సెలవులలో ఆయన వెంట నేను ఆటోనగరు పోయి, మధ్యాహ్నమంతయు ఒక షెడ్డులో పాత టైరుపై కూర్చుండి, ఒక వృద్ధ మేస్త్రి పని చేయుచుండగా చూచెడివాడను. ఒక ప్రక్క లేతు మిషను రొద, మరొక ప్రక్క కమాను కట్టలపై సమ్మెట దెబ్బలు, ఎదుటి షెడ్డులో కొత్త ఛాసిస్సుకు కర్రబాడీ కట్టు వడ్రంగుల సందడి. ఇంత గోలలో ఆ వృద్ధుడు ఒక ఇంజను స్వరమును మాత్రము వేరుచేసి వినగలిగెడివాడు. స్క్రూడ్రైవరు కొనను ఇంజను గోడకానించి, పిడిని చెవికానించి, కన్నులు మూసికొనును. ఇంజను ఊరక నడుచుచుండగనే నాజిలు పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేయును. పనిచేయు సిలిండరు పైపును వదులు చేసినప్పుడు ఇంజను తొట్రుపడి స్వరము మారును. ఏ పైపును వదులు చేసినప్పుడు స్వరము మారదో ఆ సిలిండరు అంతకు ముందే పని మానియున్నదన్నమాట. ఆయిలు స్టిక్కును తీసి బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ రాచి చూచును: గరగర తగిలినచో లోపల లోహము రాలుచున్నది, డీజిలు వాసన వచ్చినచో పంపునుండియో నాజిలునుండియో డీజిలు దిగుచున్నది, మజ్జిగవలె తెల్లబారినచో హెడ్డు గ్యాస్కెట్టు పోయి నీరు కలియుచున్నది.

ఒక వేసవిని, బండి ఇంజను పని ముగించుకొని బయలుదేరబోవుచుండగా, ఆయన వెనుక చక్రము దగ్గర వంగి, డ్రమ్ము అంచున జిడ్డు చారను చూచి, జాకీ తెమ్మనెను.

"మేస్త్రీ, సరుకు యార్డులో సిద్ధంగా ఉంది. ఈ ట్రిప్పు వెళ్లొచ్చాక చూద్దాంలే," అనెను మామయ్య.

"ఘాటు ఎక్కడానికి ఇంజను చాలు బాబుగారూ. దిగడానికి ఈ డ్రమ్మే కావాలి. విప్పి చూడకుండా తాళం ఇవ్వను."

విప్పిరి. హబ్బు సీలు పోయి గ్రీజు బ్రేకు లైనింగుపైకి దిగియున్నది; లైనింగు రివిట్ల వరకు అరిగి, రివిట్ల తలలు డ్రమ్ము లోపలి గోడను చాళ్లు చాళ్లుగా దున్నినవి. లైనింగు మార్చి, డ్రమ్మును లేతు పట్టించి పంపుమని మామయ్య చెప్పెను. మేస్త్రి మాట్లాడక డ్రమ్ము లోపలి వ్యాసమును కొలిచి, తల అడ్డముగా నూపెను. డ్రమ్మును లేతు పట్టించిన ప్రతిమారును దాని గోడ కొంత పలుచనగును. పలుచని డ్రమ్ము ఘాటు దిగునప్పుడు త్వరగా కాగి, కాగినకొలది వ్యాకోచించి, బ్రేకు షూలకు దూరమగును. పెడలు ఎంత త్రొక్కినను లోపలికి పోవుచునే యుండును. అందుచేతనే ప్రతి డ్రమ్మునకు ఇంతకు మించి కోయరాదను కొలత యొకటి కలదు. ఆ డ్రమ్ము ఆ కొలత దాటినది. కొత్తది తెప్పించి బిగించెను. అటుపిమ్మట పాత డ్రమ్మును షెడ్డు మూలకు దొర్లించి, మరెవ్వరును దానిని తీసికొనిపోయి వేరొక బండికి బిగింపకుండ, పనివాని చేత సమ్మెటతో రెండు చెక్కలుగా పగులగొట్టించెను. ఆ సాయంకాలమంతయు మామయ్య మొగము మాడ్చుకొని యుండెను. లారీ మాత్రము మరునాడు ఘాటు క్షేమముగా దిగినది.

ఆ లారీ అటుతరువాత చాల ఏండ్లు తిరిగినది. తుదకు ఒకనాడు ఛాసిస్సుపై పాత వెల్డింగు అంచున సన్నని చీలిక యొకటి అదే మేస్త్రి కంట బడెను. దానిపై మరొక వెల్డింగు పెట్టించుమని మామయ్య బ్రతిమాలినను ఆయన ఒప్పుకొనక, ఇక ఈ బండి బరువు ఎత్తరాదని చెప్పివేసెను. ఇంజను, గేరుబాక్సు, వెనుక హౌసింగు విడివిడిగా అమ్ముడుపోయినవి. ఆ ఇంజను మరికొంతకాలము వేరొక బండిలో నడిచినది.

ఈ వృద్ధుని తలచుకొన్నకొలది, తుక్కు వ్యాపారిపై మొదలైన నా ఆగ్రహము వేరొక దిక్కునకు మరలుచున్నది. నేనెరిగిన మేస్త్రులలో బండ్లను అందరికంటె ఎక్కువకాలము నడిపించినవాడు, పనికిరాని వస్తువును అందరికంటె ముందుగా పగులగొట్టించినవాడును ఒక్కడే. ఆయనకు మోడలు ఏ సంవత్సరమో అక్కరలేదు, యజమానికి బండిపై ఎంత మమకారమో కూడ అక్కరలేదు. ఆయన కొలత ఆయనది. 15 ఏండ్ల లెక్కను ఖండించునప్పుడు మనము ఆయన పక్షమున నిలిచితిమని అనుకొందుము. కాని ఆయన పక్షమున నిలుచుట యనగా చట్టము కంటె కఠినమైన పరీక్షకు తల యొగ్గుటయే. పాత బండ్లను ప్రేమించు మనలో ఎందరమీ పరీక్షకు సిద్ధముగా నున్నాము?

లారీల సంగతి ఇంకను బాధాకరము. కొత్త లారీ దూరపు లైనులో తిరుగును. కొన్నేండ్లకు చేయి మారి దగ్గరి ఊళ్ల కిరాయిలకు వచ్చును. మరల చేయి మారి ఇటుక, ఇసుక, కంకర తోలును. చేయి మారినకొలది యజమాని చిన్నవాడగును, బండి కోరు ఖర్చు పెద్దదగును. అందరికంటె ఎక్కువ మరమ్మతు కావలసిన బండి, అందరికంటె తక్కువ ఖర్చు పెట్టగల వాని చేతికి వచ్చి చేరును. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనమును ఏటేట ఫిట్‌నెసుకు తీసికొనిపోవలెననుచున్నది చట్టము. ఆ దినమునకు మంచి టైర్లు ఎరువు తెచ్చి బిగించి, బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించి, మరునాడు విప్పి ఇచ్చివేయు పద్ధతిని లారీ లైనులో విననివాడు లేడు. ఆ చిన్న యజమాని నొక్కనినే దూషించి లాభము లేదు. పాత బండ్లపై వసూలు చేయు రుసుములలో కొంత భాగమును బ్రేకులకు, టైర్లకు స్వల్పవడ్డీ అప్పుగా ఆతనికే ఇచ్చినచో రోడ్డు మీద పోవు మనకందరకు అది రక్షణ యగును.

పొగ సంగతి దాచరాదు. 1988 నాటి కార్బురేటరు ఇంజనును ఎంత శ్రద్ధగా సాకినను, 2020 నుండి వచ్చుచున్న బి.ఎస్.-6 ఇంజనువలె శుభ్రముగా పొగ విడువనేరదు. దానిని నిత్యము ఆఫీసునకు, బజారునకు త్రిప్పుచు, బడికి పోవు పిల్లల ముక్కున ఆ పొగ వదలుటను నేను సమర్థింపలేను. ఎప్పుడో ఒకనాడు తిరుగు కారుకు ఆ దోషము స్వల్పము. కనుక నా తీర్పు ఇది: వయస్సును బట్టి బండిని చంపు నియమము పోవలెను, దాని స్థానమున, 15 ఏండ్లు దాటిన ప్రతి సొంత కారును ఐదేండ్లకు ఒకమారు గాక ఏటేట, చక్రము విప్పి, క్రిందినుండి చూచి, బ్రేకును యంత్రముపై కొలిచి పరీక్షింపవలెను, తప్పినదానికి మమకారము పేరిట మినహాయింపు ఉండరాదు.

కాకినాడ మిత్రునికి నా జవాబు. అయ్యా, మీరున్నది సముద్రపు గాలిలో. మీ కారుకు లారీవలె వేరుగా ఛాసిస్సు లేదు, బాడీయే దాని ఎముక. కావున ముందుగా ఇంజనును గాక క్రింది రేకును చూపించుడు. నమ్మకమైన మేస్త్రి చేత లిఫ్టుపై ఎత్తించి, తలుపుల క్రింది పెట్టెలను, జాకీ ఆనుచోటులను, వెనుక కమాను కట్టలు తగిలించు చోటులను స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూపించుడు. పెయింటు క్రింద రేకు పొరలు పొరలుగా రాలునేమో చూడుడు. నాలుగు డ్రమ్ములు విప్పించుడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక పూర్తిగా మార్పించుడు. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఆనాటి రబ్బరు దానికొరకు చేసినది కాదు. పెట్రోలు పైపులను, కార్బురేటరు వాషర్లను కొత్తవి వేయించుడు. రేకు గట్టిగా నుండి, డ్రమ్ములు కొలతలో నున్నచో, రుసుము కట్టి రిజిస్ట్రేషను పొడిగించుకొని, మీ అబ్బాయిల కంటె ఎక్కువ ధైర్యముగా దానిని నడుపుడు. స్క్రూడ్రైవరు లోపలికి దిగినచో మాత్రము, మంచి భాగములు విప్పి అవసరమున్నవారి కిచ్చి, మిగిలినదానిని ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రమునకు అప్పగించి, వారిచ్చు సర్టిఫికెట్టు పుచ్చుకొని, ఆర్.సి. రద్దు చేయించుడు. ఏ సంగతియైనది నాకు తప్పక వ్రాయుడు. అంతవరకు ఆ వ్యాపారికి మాట ఇవ్వకుడు.