డబ్బాలో మరువ

బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద కాసేపు నిలబడితే, తాగేనీళ్లను ఇసుకతో శుద్ధి చేసే బయోశాండ్ ఫిల్టర్ సగం అర్థమైపోతుంది. చెరువులో నీళ్లు ఎంత ఎత్తు నిలవాలో తేల్చేది మరువ. దాన్ని దాటిన నీళ్లు పొర్లి పోవాల్సిందే. 14వ శతాబ్దంలో, బుక్కరాయల కాలంలో ఈ చెరువు కట్టినవాళ్లకు తెలిసిన కిటుకే 1990లలో డేవిడ్ మాంజ్ కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో చేసిన ఫిల్టర్‌లోనూ ఉంది. మన చెరువు చూసి కాదులెండి.

పెట్టె అడుగున కంకర, పైన ఇసుక. అడుగున బయల్దేరిన పైపు నిటారుగా ఎక్కి, ఇసుక మట్టానికి 5 సెం.మీ. ఎత్తున మెడ వంచుతుంది. ఆ వంపే మరువ. కుళాయి లేదు, వాల్వు లేదు. ఎన్ని బిందెలు పోసినా చివరికి ఇసుక మీద 5 సెం.మీ. నీళ్లే మిగులుతాయి. వాటి కింద నెల రోజులకు సూక్ష్మజీవుల పొర ఒకటి కుదురుకుంటుంది. రోగక్రిములను చాలామటుకు తినేది అదే. నీళ్లు లోతైతే దానికి గాలి అందదు, తగ్గితే మన ఎండకు ఆరిపోతుంది.

ఈ ఫిల్టర్ చేయడం నేర్చుకునే ఐటీఐ ప్లంబరు ట్రేడు పిల్లలకు పైపు పని చిటికెలో వచ్చేస్తుంది. చేయి తిరగాల్సింది ఇసుక దగ్గరే. 0.7 మి.మీ. జల్లెడ దిగిన ఇసుకను మరీ కడిగితే సన్నరేణువులు కొట్టుకుపోయి నీళ్లు జర్రున దిగుతాయి. తక్కువ కడిగితే బొట్టుబొట్టుగా కారతాయి. అందుకే గాజుసీసాలో గుప్పెడు ఇసుక, నీళ్లు వేసి గిరగిరా తిప్పి ఆపుతారు. మూడు నాలుగు సెకన్లాగి పక్కనుంచి చూస్తే, కాస్త మురికి నీళ్లలోంచే ఇసుక పైమట్టం కనబడాలి. మరీ తేటగా ఉంటే ఎక్కువ కడిగినట్టు. ఎంత చక్కటి పరీక్ష! పైసా ఖర్చు లేదు. అంతా బిగించాక నిండా పోసి పట్టి చూస్తే, లీటరు నిండడానికి రెండున్నర నిమిషాలకు తక్కువ పట్టకూడదు.

ఒక్కమాట వాళ్లకు మొదటిరోజే చెప్పాలి: ఈ ఫిల్టర్ ఫ్లోరైడును పట్టదు. తేటగా కనిపించే బోరు నీళ్లలోనూ అది లీటరుకు 1.5 మి.గ్రా. దాటి ఉండొచ్చు. దానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతి ఉంది. నీటి పరీక్షను బట్టి బకెట్లో సున్నం, పటిక కలిపి గంటసేపు కదపకుండా ఉంచాలి. అక్కడా ఎత్తు లెక్కే. కుళాయి అడుగుకు 3–5 సెం.మీ. పైన ఉంటుంది, ఫ్లోరైడు పట్టుకున్న మడ్డి దాని కిందే ఉండిపోతుంది. బెజ్జం కాస్త కిందికి జరిగిందా, ఆ మడ్డి చెంబులోకే వస్తుంది.