జవాబు తెలిసిన ప్రశ్నలు

ప్రాథమిక పాఠశాల పిల్లలకు కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పాలని ఇప్పుడు ప్రతి ఉపాధ్యాయ శిక్షణలోనూ చెబుతున్నారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని బోర్డు మీద నాలుగు గళ్లు గీస్తారు. మేము మొదటి రెండు గళ్ల గురించే మాట్లాడదలిచాం. మన పిల్లల పేరు పక్కన ‘మాట్లాడదు’, ‘బిడియం ఎక్కువ’ అని ముందుగా రాసేది అక్కడే.

మాలో చాలామందిమి ఒకటో తరగతి గది వెనక కూర్చుని చూసినవాళ్లమే. పుస్తకంలో బొమ్మ చూసి మాట్లాడే పేజీ ఉంటుంది. సార్ ఆవు బొమ్మ మీద వేలు పెట్టి ‘ఇది ఏమిటి?’ అని అడుగుతాడు. కోయ పిల్ల బొమ్మ వైపు ఒకసారి, సార్ ముఖం వైపు ఒకసారి చూసి ఊరుకుంటుంది. ఆ మౌనాన్ని మేమూ చాలాకాలం భాష రాకపోవడం అనే అనుకున్నాం. అది సగమే నిజం. అది ఆవు అని సార్‌కి తెలుసు. సార్‌కి తెలుసని పిల్లకీ తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ ఎందుకు అడుగుతున్నాడో మాత్రం ఆ పిల్లకి తెలియదు. మన ఇళ్లలో అలా ఎవరూ అడగరు. మేకలు తిరిగొచ్చాయా, దారిన పోయింది ఎవరు, అయ్య ఏ వైపు వెళ్లాడు అని అడుగుతాం. అడిగేవాళ్లకి తెలియదు కాబట్టే అడుగుతారు. అందుకే పిల్లలు జవాబు చెబుతారు.

అదే పిల్ల సాయంత్రం పక్క గూడేనికి కబురు మోస్తుంది. రేపు నాట్లకి ఇద్దరు రావాలని, పెద్దమ్మ రాలేకపోతే చిన్నమ్మనైనా పంపమని చెప్పి, వాళ్లు చెప్పిన జవాబు తెచ్చి ఇంట్లో అప్పగిస్తుంది. రోజు, లెక్క, మనిషి, షరతు, ఒక్కటీ జారిపోదు. శిక్షణ పుస్తకంలో రాసిన నైపుణ్యాలన్నీ అందులో ఉన్నాయి. బడి దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఇక భాష సంగతి. కోయలో, గోండిలో ఏరు అంటే నీళ్లు. పిల్ల ‘ఏరు’ అంటే తెలుగు మాత్రమే తెలిసిన టీచరు వాగు అనుకుంటుంది. ‘అక్కలు వచ్చినయి’ అంటే తరగతంతా నవ్వుతుంది. ఆడవాళ్లను పశువుల్లో కలిపిందని ఎగతాళి. కానీ ఇందులో పిల్ల తప్పేమీ లేదు. తెలుగులో ఏకవచనంలో ‘అమ్మ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని ఒకే క్రియ వాడి, బహువచనానికి వచ్చేసరికి ‘అమ్మలు వచ్చారు’ అని మగవాళ్లతో కలుపుతాం. గోండి, కోయ, కొలామి, కువి భాషలు బహువచనంలోనూ ఆడవాళ్లను మగవాళ్ల నుంచి వేరుగానే ఉంచుతాయి. పిల్ల తన భాష వ్యాకరణాన్ని తెలుగులోకి తెచ్చింది. అది బుర్ర పనిచేస్తోందనడానికి గుర్తు. టీచర్‌ని ‘నువ్వు’ అనడమూ అంతే. మా ఊళ్లలో ఎంత పెద్దవాళ్లనైనా నువ్వనే అంటాం, గౌరవం గొంతులో ఉంటుంది. పిల్లలకి ‘మీరు’ నేర్పండి, కాదనం. దెబ్బ కొట్టి మాత్రం వద్దు.

ఇంటి భాషలో చదువు అనేది కొత్త మాట కాదు. గిడుగు వేంకట రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించే పని తలకెత్తుకున్నారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వేశారు. ఆ పుస్తకాలు చేతికొచ్చినప్పుడు మేము పండగ చేసుకున్నాం. మన చెట్టు, మన పండగ, మన మాట అచ్చులో కనిపించడం చిన్న సంగతి కాదు.

అయినా ఒక మాట మనలో మనం ఒప్పుకోవాలి. ఆ పుస్తకాలు పట్టుకున్న మనవాళ్లు కూడా ఆవు బొమ్మ మీదే వేలు పెట్టారు. ‘ఇది ఏమిటి’ అని ఈసారి కోయలో అడిగారు. భాష మారింది, ప్రశ్న మారలేదు. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం వచ్చాక గొంతులు కలిపి ‘గుడ్ మార్నింగ్ సార్’ అరిపించి, మాట వచ్చిందని రాసుకుంటున్నారు. అరుపుల్లో ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. మాట రాని పిల్ల అందులో హాయిగా దాక్కుంటుంది.

తెలుగు, ఇంగ్లిష్ వద్దని మేము అనడం లేదు. సంతలో తూకం దగ్గర, మండల ఆఫీసులో, ఆసుపత్రిలో ఆ భాషలు లేక మన పెద్దలు ఎంత నష్టపోయారో మనకి తెలుసు. ఆ చోట్ల కావలసింది పద్యం అప్పజెప్పడం కాదు. ‘నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు’ అనగలగాలి. ‘ఎందుకు తగ్గించావు’ అని అడగగలగాలి. హాస్టల్లో జ్వరమొచ్చిన పిల్ల రాత్రిపూట వార్డెన్‌ని లేపి, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని చెప్పగలగాలి. చెప్పలేక ముడుచుకుని పడుకున్న పిల్లలు తెల్లారేసరికి ఏ స్థితికి వస్తారో మన కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి మన తరగతి గదిలో రోజంతా ప్రశ్న అడిగేది ఎవరు? ఒక్క టీచరే. అడగడం అసలు నేర్పనే లేదు.

మాకు తెలిసిన ఒక టీచరమ్మ మైదానం నుంచి వచ్చింది. కోయ ఒక్క ముక్క రాదు. ఒకరోజు బొమ్మల పేజీ మూసేసి, నిన్న ఆదివారం అడవిలో ఏం తవ్వారు అని అడిగింది. నిజంగానే ఆమెకి తెలియదు. పిల్లలు చేదు దుంప గురించి మొదలుపెట్టారు. ఎలా తవ్వాలి, ఎలా కోయాలి, ఎంతసేపు ఉడకబెట్టాలి అని సగం కోయ, సగం తెలుగు. చేదు ఎలా పోతుంది అని ఆమె మధ్యలో ఆపింది. అప్పటిదాకా రిజిస్టరులో ‘మాట్లాడదు’ అని ఉన్న పిల్ల లేచి, ‘ఏరులో పెట్టాల’ అంది. ఎన్ని రోజులు అని అడిగింది టీచరమ్మ. ఒక రాత్రి అని ఆ పిల్ల, కాదు రెండు రాత్రులని పక్క పిల్లోడు. ఇద్దరూ తగువుకు దిగారు. గంట కొట్టినా ఆగలేదు.