ఇత్తడి అడుగున రాసి ఉన్నది

టెక్సస్‌లో నేను వెళ్లే షూటింగ్ రేంజ్‌కి వారాంతాల్లో తెలుగు కుర్రాళ్లూ వస్తుంటారు. కాల్చాక కింద పడ్డ ఇత్తడి గొట్టాలను మళ్లీ నింపుకోవచ్చని తెలియగానే, ఏ మిషన్ కొనమంటారని అడుగుతారు. మిషన్ తర్వాత కొనొచ్చు, ముందు ఒక బకెట్ ఇత్తడి తెచ్చుకుని వెలుతురున్న చోట కూర్చోమంటాను.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికాలో సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అంటే ఆ తూటాను తనిఖీ చేసేవాడు ఎవడూ ఉండడు. ఆ పని మనదే, అది ఏరడంతోనే మొదలవుతుంది.

తూటాలో ఉండేవి నాలుగు: గొట్టం, మందుకు నిప్పు అందించే ప్రైమర్, మందు, గుండు. ఒకసారి పేలాక పనికొచ్చేది గొట్టమొక్కటే. అందులోనూ అన్నీ పనికిరావు. బకెట్‌లో అయస్కాంతం తిప్పండి. ఇత్తడి రంగు పూసిన ఉక్కు గొట్టాలుంటే దానికి అంటుకుంటాయి. బూడిద రంగులో తేలిగ్గా తగిలే అల్యూమినియంవి చేత్తోనే తీసేయొచ్చు. తర్వాత మూతిలోంచి లోపలికి చూడాలి. అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, దాన్ని ఉంచుకోవాలి. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్, అది మామూలు పనిముట్లకు లొంగదు. విచిత్రమేమిటంటే బాక్సర్ బ్రిటిష్ అధికారి, బెర్డాన్ అమెరికన్. అమెరికాలో నిలిచింది మాత్రం బాక్సర్ పద్ధతి.

ఇక అసలు చదువు అడుగున చెక్కిన అక్షరాల్లో ఉంది. హెడ్‌స్టాంప్ అంటారు దాన్ని. 9 ఎంఎం గొట్టం పొడవు 19 మిల్లీమీటర్ల పైచిలుకు, .380ది 17 పైచిలుకు. గుండు మందం రెంటికీ ఇంచుమించు ఒకటే. కుప్పలో కలిసిపోతే కన్ను పట్టుకోలేదు, అక్షరాలే పట్టిస్తాయి. 9 ఎంఎం గొట్టం .40లో దూరి కూర్చుంటుంది, .40 వెళ్లి .45లో దూరుతుంది. .45 దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. దానికి మొదటినుంచీ పెద్ద ప్రైమరే. ఈ కాలంలో కొన్ని చిన్న ప్రైమర్‌తోనూ వస్తున్నాయి. చిన్న గుంటలో పెద్ద ప్రైమర్‌ను బలవంతంగా కుక్కితే అది చేతిలోనే పేలొచ్చు. అందుకే వాటిని వేరే డబ్బాలో వేయాల్సిందే.

ఎల్‌సీ అని, పక్కన రెండంకెల సంవత్సరం కనిపిస్తే అది మిస్సోరీలోని లేక్ సిటీ కర్మాగారం సరుకు. 1941 నుంచి సైన్యానికి తూటాలు చేస్తున్న చోటు అది. ఇత్తడి మంచిదే. కానీ సైనిక తూటాల్లో ప్రైమర్ కదలకుండా దాని చుట్టూ అంచును నొక్కేస్తారు. ఆ నొక్కు తీయనిదే కొత్త ప్రైమర్ దిగదు. రైఫిల్ గొట్టాల మెడ దగ్గర నీలంగా, ఊదాగా కనిపించే మరక చూసి కాలిపోయిందని పారేసే కొత్తవాళ్లున్నారు. అది వేడిచేసి మెడను మెత్తబరచిన గుర్తు. దాన్ని చూసి సంతోషించాలి.

భయపడాల్సింది అడుగుకు కాస్త పైన, గొట్టం చుట్టూ మెరిసే సన్నటి గీతను చూసి. .223 రైఫిల్ తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి 55 వేల పౌండ్ల దాకా పోతుంది. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి అక్కడ సాగి లోపల పలచబడుతుంది. ఒకరోజు అడుగు ఊడి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం వైపు తన్నొచ్చు. అయితే గొట్టాన్ని మళ్లీ అసలు కొలతకు నొక్కే సైజింగ్ డై రాపిడికీ అలాంటి గీతే పడుతుంది. ఏది ఏదో తేల్చడానికి పేపర్ క్లిప్‌ను సాపు చేసి, కొసను కొద్దిగా వంచి, లోపలి గోడ వెంట పైకి లాగండి. పల్లం ఉంటే కొస తట్టుకుంటుంది. తట్టుకుందా, పారేయండి. అనుమానంగా ఉన్నా పారేయండి. ఒక్క గొట్టానికి పడే డబ్బు కన్ను విలువ చేయదు.

శుభ్రం చేసే తొందరలో అమోనియా కలిసిన పాలిష్ వాడేవాళ్లకు మన నేల మీద జరిగిన కథ ఒకటి చెబుతుంటాను. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక చూస్తే ఇత్తడి బీటలు వారి ఉండేది. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా, ఇత్తడిని సాగదీసినప్పుడు అందులో మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి దాన్ని చీలుస్తాయని 1921లో గానీ తేలలేదు. డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు ఉండే ఈ లోహం తీరు ఇప్పటికీ అదే.

చేతుల సంగతీ చెప్పాలి. కాల్చిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఈ పని వంటింట్లో వద్దు, పిల్లలున్న గదిలో అసలే వద్దు. లేవగానే సబ్బుతో కడుక్కోండి. రేంజ్‌లో ఏరుకొచ్చిన కుప్పలో పేలని తూటా ఒకటైనా ఉండొచ్చు, అందుకని బకెట్ గుమ్మరించగానే ముందు దాని కోసమే చూడండి.

పనికిరానివాటిని తుక్కులో వేసే ముందు ప్లయర్స్‌తో మూతి నొక్కేయండి. అలా చేస్తే, ఆ డబ్బాలోంచి ఏరుకునే ఇంకో కొత్తవాడు వాటిని నింపడానికి వీలుండదు.