సందు వదిలి కట్టిన బడి

మంచి వడ్రంగి తలుపు బిగించేటప్పుడు చుట్టూ వెంట్రుకవాసి సందు వదులుతాడు. వానాకాలం చెక్క ఉబ్బుతుందని అతనికి తెలుసు. కొత్తవాడు సందు లేకుండా బిగించి మెప్పు పొందుతాడు. ఆషాఢంలో ఆ తలుపు పట్టేస్తుంది. మదనపల్లెకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న రిషివ్యాలీ బడిని ఆ వడ్రంగి కళ్లతో చూడాలి. దాని పనితనమంతా వదిలిన సందుల్లో ఉంది.

సాయంత్రం ఆటలయ్యాక పిల్లలు ఒకచోట చేరి పడమటి కొండలకేసి తిరిగి కూర్చుంటారు. పొద్దు కొండ దిగేదాకా ఎవరూ మాట్లాడరు. దీన్ని వాళ్లు ‘అస్తాచల్’ అంటారు. మన పురాణాల్లో సూర్యుడు కుంకే కొండ పేరే అది. గ్వాలియర్‌లోని సింధియా స్కూల్లోనూ ఇదే పేరుతో ఇలాంటి అలవాటు ఉంది. రెండు బళ్లకూ వేర్వేరు కాలాల్లో ప్రిన్సిపల్‌గా పనిచేసినవాడు ఎఫ్.జి. పియర్స్; ఆ పోలిక అక్కడినుంచే వచ్చి ఉండొచ్చు. ఆటలకూ రాత్రి చదువుకూ మధ్య ఈ కాసేపు ఏ సబ్జెక్టుకూ చెందదు. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో అలాంటి జాగా దొరికితే వెంటనే స్టడీ అవర్ వేసేస్తారు. రిషివ్యాలీలో దాన్ని ఏళ్ల తరబడి ఖాళీగానే కాపాడుకుంటూ వచ్చారు.

1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1920లలో తన సొంతూరి దగ్గరే బడికి చోటు వెతికాడు. రిషికొండ కింద ఉన్న ఈ లోయ ఆయనకు నచ్చింది. 1931 నుంచి ఇక్కడ తరగతులు నడుస్తున్నాయి. అప్పటికి అది కరువు సీమలో మరో బోడి లోయ. గుట్టల నిండా బండలు, ముళ్లకంపలు. ఇప్పుడు చూసేవాళ్లకు ఆ పచ్చదనం పుట్టుకతో వచ్చిందనిపిస్తుంది. నిజానికి బడివాళ్లు మొక్కలు నాటారు, వాన నీరు ఇంకేందుకు ఊటకుంటలు తవ్వారు, గుట్టల మీద మేకల్ని, గొడ్డలిని రానివ్వకుండా కాపలా కాశారు. ఆ తర్వాత నేలను దాని మానాన వదిలేశారు. చెట్ల వెనకే పిట్టలు వచ్చాయి. 1991లో ఈ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 200కు పైగా రకాల పక్షులు ఇక్కడ కనబడతాయి. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం పక్షి ప్రేమికులు పనిగట్టుకుని వస్తారు. బడి ఆవరణలో లైబ్రరీ, లాబ్, ఆటస్థలం ఉన్నాయని చెప్పుకోవడం మామూలే. ఇక్కడ కొండ కూడా ఒక తరగతి గదే.

హాస్టల్ కట్టుబడి కూడా గమనించదగ్గది. పిల్లలు చిన్న చిన్న ఇళ్లుగా ఉంటారు. ఒక్కో ఇంటికి ‘హౌస్ పేరెంట్స్’ ఉంటారు; పగలు పాఠం చెప్పే టీచర్లే పొద్దుగూకాక ఆ ఇంటి పెద్దలు. భోజనం అందరికీ ఒకేచోట, శాకాహారం. నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా చదువు. చిన్న తరగతుల్లో పరీక్షలు లేవు, ర్యాంకుల బోర్డు అసలే లేదు. అయినా పదిలో ఐసీఎస్ఈ, పన్నెండులో ఐఎస్‌సీ రాసి అందరిలాగే కాలేజీల దారి పడతారు. గట్టి చదువుకు పోటీ బెత్తం తప్పనిసరి అని నమ్మేవాళ్లు ఈ సంగతి తీరిగ్గా ఆలోచించాలి.

అయితే ఈ లోయలో అన్నిటికంటే నగిషీ పని నాకు కనబడేది బయట, చుట్టుపక్కల పల్లెల్లో రిషివ్యాలీ నడిపే ఏకోపాధ్యాయ బళ్లలో. ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతుల పిల్లలు. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఈ చిక్కుముడికి విరుగుడు వెతకడం మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాన్ని విప్పి కార్డులుగా పరిచారు. గోడ మీద ఒక నిచ్చెన పటం, దాని మీద మైలురాళ్లు. ఒక్కో మైలురాయిలో ముందు అంశాన్ని పరిచయం చేసే కార్డు, తర్వాత చేతికి అలవాటు చేసేవి, ఆపైన ఎంతవరకు వచ్చిందో చూసుకునేది. తడబడితే అదే సంగతిని వేరే దారిలో చెప్పే కార్డు ఉంటుంది. చకచకా అందుకున్నవాడికి ఇంకాస్త లోతుకు తీసుకెళ్లేది ఉంటుంది. అక్షరాలు ఇంకా సరిగ్గా రానివాడు కూడా కార్డు మీది బొమ్మగుర్తు చూసి తన కార్డు తానే తెచ్చుకుంటాడు.

ఇందులోని నేర్పు ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. వేరుశెనగ పీకుళ్లకు అమ్మానాన్నల వెంట వెళ్లిన పిల్ల పదిహేను రోజులకు తిరిగొచ్చిందనుకోండి. మామూలు బడిలో పాఠాలు ఆమెను దాటిపోయి ఉంటాయి. ఇక్కడ ఆమె నిచ్చెన మీద ఆగిన మెట్టు ఆమె కోసమే ఉంది. కొందరు పంతులు దగ్గర, కొందరు తోటివాళ్ల దగ్గర, కొందరు ఒంటరిగా పని చేసుకుంటుంటే, పంతులు అవసరమైన చోటికే వెళతాడు. పాఠంలోనూ సందు వదిలారన్నమాట.

ఈ పనితనం కూడా పరంపరగా వచ్చినదే. ఒకప్పుడు రిషివ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బరో 1972లో కర్ణాటకలో నీల్‌బాగ్ బడి పెట్టాడు. రావు దంపతులు ఆయన దగ్గర తర్ఫీదు పొందారు. వాళ్ల కార్డుల పద్ధతి నుంచే 1990లలో మైసూరు జిల్లాలో ‘నలి–కలి’ అనే బోధనా పద్ధతి మొలకెత్తింది. 2003 తర్వాత చెన్నై కార్పొరేషన్ బళ్లు కూడా ఆ కార్డుల పద్ధతిని అందుకున్నాయి.

లోటు చెప్పకపోతే మెచ్చుకోలు అబద్ధమవుతుంది. లోయలోని పెద్దబడి ఫీజు సామాన్యుడి జేబుకు అందదు. ఆ కార్డుల పెట్టె మాత్రం అందుతుంది. అస్తాచలం అంతకంటే చవక. మన జూనియర్ కాలేజీ హాస్టళ్లు నడిపేవారికి ఒక్క మనవి: ప్రతి హాస్టల్‌కీ డాబా ఉంది, డాబాకు పడమర ఉంది. రోజుకో అరగంట తలుపు తాళం తీసి, పిల్లల్ని పైకి వెళ్లనివ్వండి.