నలోపాఖ్యానము: వ్యసనవిముక్తి విచారము

మహాభారతమున నారణ్యపర్వమందు బృహదశ్వమహర్షి ధర్మరాజునకుఁ జెప్పిన నలోపాఖ్యానము భారతకథలలో మిక్కిలి ప్రసిద్ధిఁ గన్నది. నన్నయభట్టారకుఁడు దీనిని దెనిఁగించెను. శ్రీహర్షుని నైషధీయచరితము ననుసరించి శ్రీనాథుఁడు శృంగారనైషధమును రచించెను. రామరాజభూషణుఁడు హరిశ్చంద్రకథతో దీనిని శ్లేషచేఁ గూర్చి ద్వ్యర్థికావ్యముగా సంతరించెను. ఫ్రాంజ్ బాప్ పండితుఁడు 1819లో లాటినుభాషానువాదముతో దీనిని లండనునగరమునఁ బ్రకటించినది మొదలు పాశ్చాత్యదేశములందు సంస్కృతము నభ్యసించువారికి నిది తొలిపాఠములలో నొకటియైనది. ఇందఱు చదివిన యీ కథయందు ముఖ్యప్రశ్న యొకటి తగినంతగా విచారింపఁబడకున్నది. నలుఁడు జూదమునఁ బడిన విధము నెల్లరు నెఱుఁగుదురు. అతఁ డా వ్యసనమునుండి వెలువడిన విధ మెట్టిది? కథాగౌరవ మంతయు నీ రెండవ ప్రశ్నయందే నిలిచియున్నది.

దీనికి లోకమునఁ బరిపాటిగాఁ జెప్పఁబడు సమాధానములు రెండు. కలి యావేశించుటచే నలుఁడు చెడెను, కలి విడుచుటచే బాగుపడెను అనునది మొదటిది. దమయంతీపాతివ్రత్యమే యాతని రక్షించె ననునది రెండవది. రెండింటను సత్యాంశము కలదు. కాని రెండును నలుని నిమిత్తమాత్రునిగఁ జేయుచున్నవి. పడుటయుఁ బరులచేతనే, లేచుటయుఁ బరులచేతనే యైనచో నీ కథ దుఃఖితుఁడైన ధర్మరాజున కెట్లుపకరించును? ఆతఁడును జూదమునఁ జెడి యడవులఁ బడినవాఁడు. అట్టివానికిఁ జెప్పిన కథయందు మందేమియో యుండవలయును.

మొదట వ్యసనశబ్దమును విచారింపవలయును. విపూర్వకమైన అసు ధాతువునకు ల్యుట్ప్రత్యయము చేరఁగా నీ శబ్ద మేర్పడినది. ఆ ధాతువునకు క్షేపణ మర్థము, అనఁగా విసరుట. మనుష్యుని శ్రేయస్సునుండి దూరముగా విసరివేయునది వ్యసనమని యర్థశాస్త్రకారుఁడు నిర్వచించెను. పాచికలను విసరుచున్నానని జూదరి తలఁచును, విసరఁబడుచున్నవాఁడు తానే. అమరసింహుఁడు వ్యసనశబ్దమునకు విపత్తు, భ్రంశము, కామక్రోధజమైన దోషము అను నర్థములు చెప్పెను. వ్యాధికిని, దానివలనఁ గలుగు నాపదకును నొకటే పేరు. మనువు కామజములు పదియు, క్రోధజము లెనిమిదియు నని వ్యసనములను లెక్కించి, మృత్యువుకంటెను వ్యసనమే కష్టతరమని నిర్ణయించెను. కౌటిల్యుఁడు ద్యూతదోషమును దడవుచు నలయుధిష్ఠిరుల నిరువురనే చూపెను. శాస్త్రకారులకు సయితము నలుఁ డుదాహరణమైనవాఁడు.

ఉపాఖ్యానారంభముననే మూలకర్త నలుని గుణములఁ జెప్పుచు బ్రహ్మణ్యుఁడు, వేదవేత్త, శూరుఁడు, సత్యవాది యను విశేషణముల నడుమ అక్షప్రియుఁ డను పదము నుంచెను. అక్షములు ప్రియములుగాఁ గలవాఁడని బహువ్రీహి. ఆ పదము సద్గుణముల వరుసలోఁ గలసిపోయి చదువరి కంటఁ బడక జాఱిపోవును. వ్యసనము లోకమునఁ బొడసూపు రీతియు నిదియే. అది మొదట దోషముగాఁ గానరాదు, రాజున కుచితమైన వినోదముగాఁ గన్పట్టును. కలి పండ్రెండవయేఁట వచ్చెను. ఒకనాఁడు నలుఁడు పాదప్రక్షాళనము మఱచి సంధ్య నుపాసించినపుడు ప్రవేశించెను. ఆ యశౌచము కలికి వాకిలి మాత్రమే. లోపలఁ గూర్చుండుటకుఁ బీఠము నక్షప్రియత్వ మంతకుముందే వేసియుంచినది. కావున కలి ప్రవేశమును జెప్పినంతమాత్రమున మూలకర్త నలుని నిర్దోషిగాఁ జేసెననుట పొసఁగదు.

పుష్కరునితోడి జూదము పెక్కుమాసములు సాగెను. పౌరులును మంత్రులును వాకిట నిలిచిరి. దమయంతి కన్నీటితో విన్నవించెను. నలుఁడు బదులైనఁ బలుకఁడయ్యెను. జూదరి యీ బధిరత్వమునే ఋగ్వేదమున దశమమండలమునందలి యక్షసూక్తము వర్ణించినది. ఇఁక నాడనని నిశ్చయించుకొన్నవాఁడే పాచికల చప్పుడు వినఁబడఁగానే సభకుఁ బరుగిడునని యా ఋషి కనుఁగొనెను. దమయంతి మాత్రము కాలవిలంబము చేయలేదు. భర్త మరలఁడని గ్రహించినతోడనే వార్ష్ణేయుఁడను సారథిని బిలిచి బిడ్డల నిరువురను విదర్భకుఁ బంపివైచెను. ఆమె దుఃఖించుచునే చేయవలసిన పని చేసినది.

ఇట సూక్ష్మాంశ మొకటి కలదు. సర్వమును గోల్పోయిన పిదపఁ బుష్కరుఁడు దమయంతిని బణముగా నొడ్డుమనఁగా నలుఁడు కోపమున నాభరణముల నూడ్చివైచి యేకవస్త్రుఁడై వెడలిపోయెను. కలిగ్రస్తుఁడైనవాని యందును గలి యంటని చోటొకటి మిగిలెను. ధర్మరాజు సభలో నాపాటి నిలుపుకొనలేకపోయెను. ఆ కథను ధర్మరాజే వినుచుండుటచే నీ ఘట్టము మఱింత తీక్ష్ణమైనది. కాని యా మిగిలిన చోటును నడవిలో నిలువలేదు. పక్షుల రూపమున వచ్చిన యక్షములే నలుని కట్టుబట్టను గొనిపోయినవి. నిద్రించుచున్న దమయంతి చీరలో సగము గోసికొని నలుఁడు పోవును, మరలివచ్చును, మఱల పోవును. కడకు విడిచిపోయెను. దుఃఖములకెల్ల భార్యకు సాటియైన యౌషధము లేదని యామె యంతకుముందే చెప్పియుండెను. ఔషధమును విడిచి రోగి పాఱిపోయినట్లయినది.

శ్రీహర్షుఁడు గాని, యాతని ననుసరించిన శ్రీనాథుఁడు గాని యింతదూరము రాలేదు. శ్రీహర్షుఁడు వివాహానంతరము కలిని నలుని యుద్యానమునందలి విభీతకవృక్షముపైఁ గూర్చుండఁబెట్టి, దంపతుల సుఖవర్ణనముతోఁ గావ్యమును ముగించెను. శృంగారమే యంగిగాఁ గలిగిన కావ్యమున కది తగినదే. కాని చెట్టుపైఁ గలి యట్లే యుండఁగాఁ గథ ముగిసెను. శృంగారనైషధము నొక్కదానినే చదివి నలుని నెఱిఁగితి మనుకొనువా రాతని సగము మాత్రమే యెఱిఁగినవారు.

ఇఁక విముక్తిక్రమము. దావాగ్నిలోఁ జిక్కిన కర్కోటకుని నలుఁడు రక్షించెను. సర్వమును బోఁగొట్టుకొనినవాఁడు చేసిన తొలికార్యము పరప్రాణరక్షణము. కర్కోటకుఁ డడుగులు లెక్కింపుమనెను. పదియవ యడుగునఁ గఱచెను. సంస్కృతమున దశశబ్దము పదికిని వాచకము, కఱువుమను విధికిని రూపము. దంశధాతువునకు నకారము లోపింపఁగా లోట్టున మధ్యమైకవచన మట్లే యగును. సంఖ్యను బలుకుటయే యాజ్ఞయైనది. ఆ విషము నలుని బాధింపదు, వానిలో నున్నవానినే దహించునని నాగరాజు చెప్పెను. రూపము మాఱి నలుఁడు బాహుకుఁడాయెను. రాజనామము, రాజరూపము, రాజభోగము మూఁడును దొలఁగెను. అయోధ్యలో ఋతుపర్ణునిచెంత నశ్వశిక్షకుఁడై, చేతిపనిచేఁ గూడు సంపాదించుచు, ప్రతిసాయంకాలమును దాను విడిచినదానిఁ దలఁచి యొక్కశ్లోకమునే పాడుకొనుచుండెను. ఎవతెను గూర్చి యని జీవలుఁ డడుగఁగా, మందబుద్ధి యొకఁడు విడిచిన కాంతను గూర్చి యని తన్నుఁ బరునిగాఁ జేసి చెప్పెను. తన తప్పును బేరు మార్చి చెప్పుటయైనను జెప్పుటయే కదా.

తరువాతిది గణనము. దమయంతి రెండవ స్వయంవరమను నెపమున ఋతుపర్ణుఁడు విదర్భకుఁ బరుగిడు దారిలో, తాండ్రచెట్టు నొక్కచూపుచూచి దాని యాకులను గాయలను లెక్కచెప్పెను. బాహుకుఁడు రథము నాపెను. రాజు త్వరపెట్టినను వినఁడాయెను. చెట్టును గూల్చి యెంచి చూచెను. లెక్క సరిపోయెను. ఈ విలంబము కథకు నిష్ప్రయోజనమని తోఁచవచ్చును. కాని తాండ్రకాయలే వేదకాలమునఁ బాచికలు. అమరసింహుఁ డా చెట్టునకు అక్షమనియుఁ గలిద్రుమమనియుఁ బేరులు చెప్పెను. మాసములకొలఁది యక్షములను విసరినవాఁడు వాని నేనాఁడును లెక్కింపలేదు. నేఁడు తొలిసారి నేలపైఁ గూర్చుండి యొక్కొక్కటిగా నెంచినాఁడు. ఋతుపర్ణునివద్ద అశ్వహృదయమున కీడుగా అక్షహృదయమును గ్రహించినతోడనే కలి కర్కోటకవిషమును గ్రక్కుచు వెలికి వచ్చెను. తన్నుఁ గట్టివైచినదాని స్వరూపమును దెలిసికొనువఱకు నలునకు విడుదల కలుగలేదు. శపింపఁబోయిన నలుఁడు కలి ప్రార్థింపఁగాఁ గోపము నడఁచుకొనెను. ఇది నాలుగవ మెట్టు. పగకు లొంగినచోఁ గామజమునుండి వెడలి క్రోధజమైన వ్యసనమునఁ బడినవాఁడయ్యెడివాఁడు.

దమయంతి పాలును దక్కువచేయరాదు. అజగరమునోటఁ బడి, వేఁటకానివలన మానభయముఁ బొంది, యేనుఁగులు త్రొక్కిన బిడారమునుండి ప్రాణములతో బయల్పడి, చేదిపురమున సైరంధ్రియై యామె బ్రదికెను. నలుని దుఃఖపెట్టినవానిని శపించెను. ఆ శాపముచేతనే తాను దహింపఁబడితినని కలియే యొప్పుకొనెను. నలునకు జూదము వ్యసనమైనది, దమయంతికి నలుని జూదము వ్యసనమైనది. వెదకించినది, గుర్తించినది, పరీక్షించినది యామెయే. ఐనను నలునిలోని కలి వెడలినది సమాగమమునకు ముందు, దారిలో. ఆమె యాతనికి గమ్యమైనది. నడక మాత్ర మాతనిదే.

సమాగమమున నలుఁ డనిన మాటలలో నీ విచారమునకు నిర్ణయము దొరకుచున్నది. రాజ్యనాశము దనచేఁ గాలేదనియు, గలి చేసినదనియు మొదటఁ జెప్పుకొనెను. అది లోకసామాన్యమైన సాఁకు. కాని యా వెంటనే కలి తన వ్యవసాయముచేతను దపస్సుచేతను జయింపఁబడెనని చెప్పెను. పతనమును గలికిచ్చి, జయమును దనకిచ్చికొనుట స్వార్థమని యాక్షేపింప వచ్చును. ఐనను శబ్దము గమనింపఁదగినది. వ్యవసాయశబ్దము వి, అవ యను నుపసర్గలతోఁ గూడిన షో ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు అంతకర్మ, అనఁగా ముగించుట, యర్థము. వ్యసనము విసరుట, వ్యవసాయము కడముట్టించుట. ఒకటి చేయిజాఱినది, ఒకటి పట్టువిడువనిది. పిమ్మటఁ బుష్కరునిఁ గూడ నీ చేఁత నీది కాదు, కలిదియే యని క్షమించెను. తన విషయమున సాఁకుగాఁ దోఁచిన మాటయే పరుని విషయమున దయగాఁ బరిణమించినది.

తుదకు గట్టి యాక్షేప మొకటి మిగిలియున్నది. నలుఁడు మరలఁ బుష్కరునితో జూదమాడెను. ఒక్కపందెమున గెలిచెను. వ్యసనవిముక్తుఁడు మరలఁ బాచికలఁ బట్టవచ్చునా? పాణిని దివుధాతువుయొక్క సాధకతమమునకుఁ గరణసంజ్ఞయే కాక కర్మసంజ్ఞను గూడ విధించెను. అక్షములచే నాడుననుటయు, నక్షముల నాడుననుటయు రెండును సాధువులు. మొదటి జూదమున నక్షములు నలునకుఁ గర్మమై, యాతని యిచ్ఛ యంతయు వానియందే యుండెను. రెండవదాన నవి కరణమాత్రములు. జూదము వలదన్నచో యుద్ధమునకు సిద్ధమని నలుఁడు చెప్పుటయు, నొక్కయాటతో నిలిపివేయుటయు నిందులకు సాక్ష్యములు. ఇంతవఱకు సమర్థింపవచ్చును. కాని యీ రెండవ యాటలో నాతఁడు దమయంతిని బణముగాఁ జెప్పెను. కలిగ్రస్తుఁడై చేయనిదానిని స్వస్థుఁడై చేసెను. గెలుపు నిశ్చితమను విశ్వాసము దీనికి సమాధానము కాఁజాలదు, ప్రతి జూదరికిని నట్టి విశ్వాసమే యుండును. ఈ చోటును వ్యాఖ్యానముచేఁ గప్పిపుచ్చుటకంటె దోషమని యొప్పుకొనుటయే మేలు. నయమైన పుండునకును మచ్చ యుండునని మూలకర్త యెఱుఁగక వ్రాసెనో, యెఱిఁగియే వ్రాసెనో, పాఠకుఁ డిచట జాగరూకుఁడు కావలసియున్నది.

కథాంతమున బృహదశ్వుఁడు ధర్మరాజున కక్షహృదయము నుపదేశించెను. ఓదార్పుమాటలతోఁ దనియింపక విద్య నిచ్చెను. దాని ఫలము విరాటపర్వమునఁ గానవచ్చుచున్నది: కంకుఁడై జూదముచేఁ గొలువుసేయు ధర్మరాజే, జూదమాడఁగోరిన విరాటునకు దాని దోషములను జెప్పి వారించును.

ప్రపంచారోగ్యసంస్థ 2019లో నంగీకరింపఁగా 2022 నుండి యమలునకు వచ్చిన వ్యాధివర్గీకరణమున జూదవ్యసనము మద్యాదివ్యసనముల సరసఁ జేర్పఁబడినది. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను, ధనమొడ్డి యంతర్జాలమున నాడు నాటలను నిషేధించుచు శాసనములు వెలువడినవి. తాండ్రకాయ మాఱినది, చేయి మాఱలేదు. నలోపాఖ్యానమును గలిదోషనివారణమునకై వినుట యాచారము. వినుట మంచిదే. బాహుకుఁడు రథమాపి నేలపైఁ గూర్చుండి కాయలను లెక్కించిన చోటఁ జదువరియుఁ గొంతతడవు నిలిచినచో, నా యాచారము సార్థకమగును.